ఆ జాబితా రాసింది ప్రేక్షకులు కాదు

ఏ హాలీవుడ్ స్టూడియోకి ఏ సినిమా వీడియోగా ఎక్కువ అమ్ముడుపోయిందన్న జాబితాలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. డిస్నీకి 'ది లయన్ కింగ్', 'ఫైండింగ్ నీమో'. యూనివర్సల్‌కి 'ఈ.టీ.', 'జురాసిక్ పార్క్'. వార్నర్‌కి 'బ్యాట్‌మన్', 'ది మేట్రిక్స్'. పారామౌంట్‌కి 'టాప్ గన్', 'టైటానిక్'. ఫాక్స్‌కి 'స్టార్ వార్స్', 'అవతార్'. డ్రీమ్‌వర్క్స్‌కి 'ష్రెక్ 2'. ఈ పేర్లు వరసగా పేర్చి, జనం గుండెల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్న సినిమాలు ఇవేనని తీర్పు చెప్పేస్తారు. నేను ఒప్పుకోను. ఏ సినిమాకి ఎంత ధర పెట్టాలో, ఏ పండక్కి బయటికి వదలాలో, ఎప్పుడు మళ్లీ లోపల పెట్టి తాళం వెయ్యాలో స్టూడియోల గదుల్లో తేలిపోయింది. మిగిలిన వాటిలోంచే జనం ఏరుకున్నారు.

మన సినిమా అభిమానులకి ఇలాంటి లెక్కల గుట్టు కొత్త కాదు. ఖాళీ హాల్లో రోజుకో ఆట వేస్తూ వంద రోజుల పోస్టరు అంటించిన సెంటర్ల సంగతి ఎవరిని అడిగినా చెబుతారు. ఆ పోస్టర్ని నమ్మనివాళ్లు కూడా హాలీవుడ్ నుంచి వచ్చిన అంకె అనేసరికి చేతులు కట్టుకుని నిలబడతారు. నా బాధ అదే.

ముందు ధర సంగతి. 1980లలో అమెరికాలో కొత్త సినిమా వీహెచ్‌ఎస్ టేపు ధర మామూలుగా 80 డాలర్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. మధ్యతరగతి ఇంట్లో ఎవరు కొంటారు? వాళ్లు కొనాలని పెట్టిన ధర కాదది. అక్కడి కాపీరైటు చట్టం ప్రకారం టేపు కొన్న దుకాణదారు దాన్ని ఎన్నిసార్లయినా అద్దెకిచ్చుకోవచ్చు, ఆ అద్దెలో స్టూడియోకి పైసా వాటా లేదు. కాబట్టి రావలసిందంతా మొదటి అమ్మకంలోనే దుకాణదారు దగ్గర గుంజేశారు. ఏ కొన్ని సినిమాలనో మాత్రం 20, 30 డాలర్లకి దించి నేరుగా ఇళ్లకి అమ్మారు. జాబితాలో పైన కనిపించేవన్నీ దాదాపు ఈ దించిన ధర సినిమాలే. 90 డాలర్ల టేపునీ 25 డాలర్ల టేపునీ ఒకే వరసలో నిలబెట్టి ఇది ఓడింది, అది గెలిచింది అనడం ఏ న్యాయం?

రుజువు కావాలంటే డిస్నీ చరిత్రలోనే ఉంది. 1985లో 'పినోకియో' టేపుని 79.95 డాలర్లకి విడుదల చేశారు. అనుకున్నంత కదల్లేదు. అదే ఏడాది క్రిస్మస్‌కి ధర 29.95కి దించారు. జనం ఎగబడ్డారు. అదే సినిమా, అదే టేపు. 1940 నాటి ఆ బొమ్మ పిల్లాడి మీద అమెరికా తల్లిదండ్రులకి ఆరు నెలల్లో కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చిందా? 50 డాలర్లు తగ్గింది, అంతే.

పారామౌంట్ ఈ కిటుకుని అందరికంటే ముందు పట్టుకుంది. 1982లో 'స్టార్ ట్రెక్' రెండో సినిమాని 39.95కే అమ్మింది. 1987లో 'టాప్ గన్' వచ్చేసరికి 26.95కి దించి, టేపు మొదట్లో డైట్ పెప్సీ ప్రకటన కలిపింది. మరుసటి ఏడాది 'ఈ.టీ.' 24.95కి వచ్చింది, అందులోనూ 5 డాలర్లు పెప్సీ వెనక్కిచ్చింది. దొంగ టేపులు పోల్చుకోవడానికి వీలుగా క్యాసెట్‌లో కొన్ని భాగాలు పచ్చరంగు ప్లాస్టిక్‌తో చేశారు. ఆరేళ్లపాటు ఆ సినిమాని వీడియోకి ఇవ్వకుండా ఆపి, ఆకలి బాగా పెరిగాక పండగ సీజను ముందు వదిలారు. అమెరికాలో కోటికి పైగా టేపులు అమ్ముడుపోయాయి. మంచి సినిమాయే, కాదనను. కానీ ఆ కోటిలో దర్శకుడు స్పీల్‌బర్గ్ వాటా ఎంత, ఆరేళ్ల నిరీక్షణ వాటా ఎంత, కూల్‌డ్రింకు కంపెనీ వాటా ఎంత? ఆ మూడూ విడదీసి చెప్పగలిగినవాడు అప్పుడు నాకు ఆ అంకె చూపించవచ్చు.

ఇంకో సంగతి. 1976లో ఇళ్లలో వీసీఆర్ ఉండనే కూడదని సోనీ మీద కోర్టుకెక్కింది ఎవరో తెలుసా? యూనివర్సల్, డిస్నీ. 1984లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో, అంటే ఒకే ఒక్క న్యాయమూర్తి ఓటు ఎక్కువై, ప్రేక్షకుడి పక్షాన నిలిచింది. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే ఈ జాబితాల కథ మరోలా ఉండేది. ఏ యంత్రం గొంతు నొక్కాలని చూశారో దాని మీదే కోట్లు గడించి, ఇప్పుడు ఆ అమ్మకాలని తమ కీర్తి కింద రాసుకుంటున్నారు.

అన్నిటికంటే పెద్ద అన్యాయం డిస్నీ తాళం. పాత కార్టూన్ సినిమాలని కొన్నాళ్లు అమ్మడం, ఆపెయ్యడం, ఏడేళ్లకో పదేళ్లకో కొత్త అట్టతో మళ్లీ తీయడం. ఇప్పుడు కొనకపోతే మీ పిల్లలు పెద్దవాళ్లయిపోతారన్న భయం పెట్టి చేసిన వ్యాపారమిది. 1991లో 'ఫాంటేసియా' అమ్మిన తీరు చూడండి. శాస్త్రీయ సంగీతానికి బొమ్మలు కట్టిన సినిమా, 1940లో మొదట విడుదలైనప్పుడు పెట్టుబడి కూడా వెనక్కి తేలేదు. దాన్ని 50 రోజులు మాత్రమే అమ్ముతామని ప్రకటించి దుకాణాల్లో పెట్టారు. కోటికి పైగా టేపులు పోయాయి. అన్ని ఇళ్లలోనూ అందులో వినిపించే స్ట్రావిన్స్కీ సంగీతం కోసం తపించిపోతున్నారని ఎవరైనా అంటే నేను నమ్మను. గడువు పెట్టి కొనిపించారు. జాబితాలో ఆ గడువు కనపడదు, కోటి మాత్రమే కనపడుతుంది.

ఫాక్స్ ఏం తక్కువ తినలేదు. 1995లో మొదటి మూడు 'స్టార్ వార్స్' సినిమాల టేపులు తెస్తూ, పాత రూపంలో దొరకడం ఇదే చివరిసారి అని ప్రచారం చేసింది. 1997లో మార్పులు చేసిన రూపం వచ్చింది. 2004లో ఇంకా మార్చిన డీవీడీ. చివరిసారి అన్న ఆ పాత రూపమే 2006లో అదనపు డిస్క్‌గా మళ్లీ ప్రత్యక్షమైంది, అదీ పాత లేజర్ డిస్క్ కోసం చేసిన ప్రతి నుంచి తీసిన నాసిరకం బొమ్మతో. 'అవతార్' కూడా అంతే. 2010 ఏప్రిల్‌లో అదనపు విశేషాలేవీ లేకుండా ఒట్టి సినిమా. నవంబరులో విశేషాలన్నీ కలిపిన పెట్టె. త్రీడీ డిస్క్ కావాలంటే 2012 దాకా ఒక కంపెనీ త్రీడీ పరికరాలు కొంటేనే. ఒకే అభిమాని జేబుకి మూడుసార్లు కన్నం వేసి, లెక్కలో ముగ్గురు అభిమానులని చూపించారు.

మరి నిజంగా జనం ప్రేమించిన సినిమాల సంగతి? 'ది షాషాంక్ రిడెంప్షన్' 1994లో థియేటర్లలో చతికిలబడింది. మరుసటి ఏడాది అద్దె దుకాణాల్లో ఎక్కువగా తిరిగిన టేపుల్లో అదొకటి. ఒకరు చూసి ఇంకొకరికి చెప్పి, చేతులు మారి, దానికి ప్రాణం పోసింది అద్దె టేపే. అలా ఒక్కో టేపు వంద ఇళ్లు తిరిగినా అమ్మకాల లెక్కలో అది ఒకటే. ఇది మనకి తెలియనిది కాదు. పెళ్లయిన మర్నాడో, జాతర రాత్రో టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి, నాలుగు టేపులు పెట్టి, వాకిట్లో చాపలు పరిచి తెల్లారేదాకా ఊరంతా చూసిన రోజులు ఎనభైలు. గీతలు పడి, శబ్దం బొంగురుపోయి, మధ్యలో ఆగిపోతే వీసీఆర్ హెడ్ మీద స్పిరిట్ దూది రుద్ది మళ్లీ ఆడించిన ఆ టేపుల్ని ఏ కంపెనీ లెక్కపెట్టింది?

ధర దిగితే ఏమవుతుందో మన దగ్గరా చూశాం. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ మన భాషల సినిమాల వీసీడీలు 28 రూపాయలకి, డీవీడీలు 34 రూపాయలకి తెచ్చింది. దొంగ డిస్కులు తప్ప కొనరని ఏళ్ల తరబడి మన ప్రేక్షకుడి మీద వేసిన నింద ఎంత అబద్ధమో నాకు అప్పుడు అర్థమైంది. బస్టాండు పక్కన కిళ్లీ కొట్లో కూడా అసలు డిస్కులు వేలాడాయి, జనం కొన్నారు. అందుబాటు ధరకి పెట్టనివాడికి కొనలేదని నిందించే హక్కు లేదు.

పోనీ, ఆ అంకెలైనా నిజమా? 2004 నవంబరులో 'ష్రెక్ 2' డీవీడీ వచ్చింది. దాని జోరు చెప్పుకునే డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ అప్పుడే స్టాక్ మార్కెట్‌లో అడుగుపెట్టింది. 2005 మే నెలకి దుకాణాల నుంచి డిస్కులు కుప్పలుగా తిరిగొచ్చాయి. కంపెనీ చెప్పిన లాభం రాలేదు, షేరు కూలింది, అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ విచారణకి దిగింది. కొన్ని వారాలకే పిక్సార్ కూడా 'ది ఇన్‌క్రెడిబుల్స్' డిస్కుల విషయంలో ఇదే మాట ఒప్పుకోవాల్సి వచ్చింది. గోడౌన్ నుంచి లారీ ఎక్కిన డిస్క్ అమ్ముడైన డిస్క్ కాదు. గల్లాపెట్టె దగ్గర లెక్కపెట్టిన అంకెలు కావాలంటే నీల్సన్ వీడియోస్కాన్ ఉండేది. అందరికంటే ఎక్కువ డీవీడీలు అమ్మిన వాల్‌మార్ట్ అమ్మకాలు అందులో లేవు. ఆ లోటుని అంచనాతో పూడ్చారు. ఇలాంటి పునాది మీద స్టూడియోల వారీ రికార్డులు! 'టైటానిక్' అయితే అమెరికాలో పారామౌంట్ ఖాతా, విదేశాల్లో ఫాక్స్ ఖాతా. ఎవరి జాబితాలో ఎంత రాస్తారు?

ఇక ఆ డబ్బు ఎవరికి చేరిందో చూస్తే కడుపు రగిలిపోతుంది. గాయని పెగ్గీ లీ 1955 నాటి 'లేడీ అండ్ ద ట్రాంప్' కోసం పాటలు రాసింది, పాడింది, నాలుగు పాత్రలకి గొంతిచ్చింది. డిస్నీ ఆమెకిచ్చింది 3,500 డాలర్లు. 1987లో ఆ సినిమా టేపు వచ్చి 30 లక్షలకి పైగా అమ్ముడైంది. ఆమెకి అందులో ఏమీ రాలేదు. కానీ 1952లో ఆమె సంతకం చేసిన ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. తన గొంతు ఉన్న ప్రతులని జనానికి అమ్మాలంటే తన అనుమతి కావాలన్నది ఆ వాక్యం. వీడియో టేపు ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లో రాసుకున్నది. ఆమె 1988లో కోర్టుకెళ్లింది. చక్రాల కుర్చీలో కోర్టుకొచ్చి, ఆ వాక్యమే పట్టుకుని పోరాడింది. 1991లో జ్యూరీ దాదాపు 38 లక్షల డాలర్లు ఇవ్వమంది, తరవాత జడ్జి ఆ మొత్తాన్ని దాదాపు 23 లక్షలకి తగ్గించాడు. ఆమెకి ఆ వాక్యం ఉంది కాబట్టి గెలిచింది. మిగతా ఎందరో గాయకులకి, బొమ్మలు గీసినవాళ్లకి అలాంటి వాక్యం లేదు. వాళ్ల చేతి పని కోట్ల టేపులై ప్రపంచమంతా తిరుగుతుంటే వాళ్లు జీతంతో సరిపెట్టుకున్నారు.

రచయితల గతీ అంతే. టేపు తయారీ ఖరీదైన పని, కొత్త వ్యాపారం అన్న సాకుతో 1980లలో స్టూడియోలు ఒక సూత్రం ఖాయం చేశాయి. వీడియో రాబడిలో 80 శాతం పక్కన పెట్టి, మిగిలిన 20 శాతం మీదే రచయితకి శాతం కడతారు. డీవీడీ వచ్చి తయారీ ఖర్చు ఏమీ లేనంతగా పడిపోయినా ఆ సూత్రం మారలేదు. ఒక్కో డిస్క్‌కి రచయిత చేతికి వచ్చింది నాలుగు సెంట్లు. 2007లో దాన్ని రెట్టింపు చెయ్యమని అడిగారు. రెట్టింపంటే ఎనిమిది సెంట్లు! స్టూడియోలు ససేమిరా అన్నాయి. సమ్మె మొదలవడానికి ముందే రచయితలు ఆ కోరిక వదులుకోవాల్సి వచ్చింది. వంద రోజుల సమ్మె తరవాత కూడా ఆ నాలుగు సెంట్లు నాలుగు సెంట్లుగానే ఉన్నాయి. 'ఎక్కువ అమ్ముడైన సినిమాలు' అని రాసే ప్రతి పత్రికా ఆ అంకె పక్కన ఈ నాలుగు సెంట్లు కూడా రాయాలి.

అమ్మినవాడు ఎవడైనా కొన్నది జనమే కదా అని నాతో వాదించేవాళ్లున్నారు. కొన్నారు, నిజమే. 'ది లయన్ కింగ్' టేపు 3 కోట్లకి పైగా ఇళ్లకి చేరిందంటే అందులో పిల్లల ప్రేమ ఉంది. రోజుకి రెండుసార్లు చూసి టేపు అరగదీసిన పిల్లల్ని నేను తక్కువ చెయ్యను. నేను అడిగేది దాని పక్కన ఉండాల్సినవాటి గురించి. అదే ధరకి, అదే ప్రచారంతో, అదే అల్మారాలో నిలబడే అవకాశం రాని వందలాది సినిమాల గురించి.

ఇప్పుడు ఆ అల్మారా కూడా తీసేస్తున్నారు. 2023 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్ పోస్టులో డిస్కులు పంపడం ఆపేసింది. 2024లో బెస్ట్ బై దుకాణాలు డిస్కుల అమ్మకం మానేశాయి. 2023 మేలో డిస్నీ తన స్ట్రీమింగ్‌లో 'క్రేటర్' అనే సినిమా పెట్టి, రెండు నెలలైనా నిండకుండానే తీసేసింది. పాత తాళానికి కనీసం ఒక మర్యాద ఉండేది. మీ ఇంట్లోకి వచ్చిన టేపుని వాళ్లు వెనక్కి లాక్కోలేరు. ఇప్పుడు నిన్న రాత్రి సగం చూసిన సినిమా ఈ రాత్రికి ఉంటుందన్న హామీ లేదు, ఎంతమంది చూశారో చెప్పేదీ వాళ్లే.

అందుకే నా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. తీసే ప్రతి సినిమా డిస్క్‌గా, మామూలు జీతగాడు కొనగలిగే ధరకి, గడువు లేకుండా దొరకాలి. అమ్మకాల అంకె చెప్పినప్పుడు ధర, తిరిగొచ్చిన సరుకు, కళాకారులకి చెల్లించిన మొత్తం అదే వరసలో చెప్పాలి. ఆ మూడు గడులూ ఖాళీగా ఉన్న జాబితాని ఏ సంపాదకుడూ అచ్చు వెయ్యకూడదు, ఏ అభిమానీ దాని మీద పందెం కాయకూడదు.