పగడాల ట్యాంకు ఎవరికి గిట్టుబాటు?

రీఫ్ ట్యాంకు పెట్టాలనుకునేవాళ్లు నన్ను ముందుగా ధర అడుగుతారు. నేను తిరిగి అడిగేది ఒకటే: డిసెంబరులో మీరంతా ఇండియా వెళ్తే ఇంట్లో ఎవరుంటారు?

న్యూజిలాండ్‌లో స్థిరపడిన మన కుటుంబాలకు పిల్లల సెలవులన్నా, పెళ్లిళ్లన్నా, సంక్రాంతన్నా ఆ నెలన్నరే. ఇక్కడ అప్పుడే ఎండాకాలం. తలుపులు బిగించిన ఇంట్లో వేడి పెరుగుతుంది, ట్యాంకులో నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం అందులోనే ఉండి గాఢత పెరుగుతూ పోతుంది. పాడిగేదె ఉన్న ఇంట్లో అందరూ ఒకేసారి తిరుపతి ప్రయాణం కట్టలేరని మన పెద్దలకు తెలుసు. పగడాలున్న ఇంటికీ అదే కట్టుబాటు.

ఆక్లాండ్ మౌంట్ రోస్కిల్‌లో ఉండే మా మేనల్లుడు ఈ మాట విని కాసేపు ఆలోచించాడు. “మావయ్యా, పక్కింటాయన చూసుకుంటానన్నాడు. మేత వేయడమేగా” అన్నాడు. అతని భార్య అందుకుంది: “కరెంటు సంగతి కూడా మీరే చెప్పండి మావయ్యగారూ. నేను చెబితే వినరు.” ఇదే అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి జవాబు ఇక్కడే రాస్తున్నాను.

మేత వేయడం ఇందులో చాలా చిన్న పని. పగడం జంతువు. వేలాది చిన్న చిన్న జీవులు ఒక్క ఒంటిగా కలిసి బతుకుతాయి. వాటి కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారు చేసి తమకు చోటిచ్చిన జీవికి పెడతాయి. ఆ బలంతో పగడం నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేటును తీసుకుని తన అస్థిపంజరం కట్టుకుంటుంది. అందువల్ల ట్యాంకు యజమాని నిజంగా పెంచాల్సింది నీటిని. వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య నిలవాలి. ఉప్పు కిలో నీటికి 35 గ్రాముల దగ్గర ఉండాలి. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు. పగడాలు పెరిగేకొద్దీ ఈ ఖనిజాలను రోజూ తినేస్తాయి, తిన్నంత మళ్లీ పోయాలి. నీటి క్షారత ఒక్క రోజులో ఎగిరిపడితే కొమ్మల పగడాలు అడుగు నుంచి చర్మం వదిలేస్తాయి. సముద్రంలో ఈ లెక్కను కోట్ల టన్నుల నీరు తనంతట తాను చూసుకుంటుంది. మన హాల్లో ఆ బరువంతా 300 లీటర్ల మీద పడుతుంది.

ఇప్పుడు కరెంటు. ఆక్లాండ్ చుట్టూ సముద్రం శీతకాలం చివర 14 డిగ్రీల దాకా దిగుతుంది, మన ఇళ్లూ అంతకంటే పెద్ద వెచ్చగా ఏమీ ఉండవు. హీటరు, లైట్లు, పంపులు, మురికిని నురగగా తీసేసే స్కిమ్మరు కలిపి సగటున 200 వాట్లు అనుకుందాం. రోజుకు 4.8 యూనిట్లు. యూనిట్ 30 సెంట్లు వేసుకున్నా ఏడాదికి 525 డాలర్లు. వారానికి పదో వంతు నీరు మారిస్తే సంవత్సరానికి 50 కిలోలకు పైగా అక్వేరియం ఉప్పు కావాలి. ట్యాంకు, దాని కింద నీటిని శుభ్రం చేసే తొట్టె (సంపు), లైట్లు, నీటిని శుద్ధి చేసే ఆర్వో యంత్రం మొదట్లో ఒకసారి వేల డాలర్లు తింటాయి. ఆ ఖర్చు మనిషిని భయపెట్టి మర్చిపోయే రకం. ఏటేటా వచ్చే ఖర్చే ఇంట్లో మాటామాటా పెంచుతుంది. మేనల్లుడి భార్య లేవనెత్తింది న్యాయమైన ప్రశ్న.

ఈ దేశంలో ఇంకో లెక్క కూడా వేయాలి. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపాను వచ్చినప్పుడు ఉత్తర దీవిలో రెండు లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. నేపియర్‌లో రోజుల తరబడి రాలేదు. పంపులు ఆగిన రీఫ్ ట్యాంకులో కొన్ని గంటల్లోనే ప్రాణవాయువు అడుగంటుతుంది. ముందు చేపలు పోతాయి, అవి కుళ్లి మిగతావాటిని తీసుకుపోతాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటింటికీ ఇన్వర్టరు చూసి పెరిగిన మనం ఇక్కడికొచ్చి ఆ అలవాటు మానేశాం. రీఫ్ ట్యాంకు పెట్టేవాళ్లు మాత్రం ముందు బ్యాటరీ కొని, ఆ తర్వాత పగడం కొనాలి. వెల్లింగ్టన్, క్రైస్ట్‌చర్చ్ వాళ్లకు భూకంపం సంగతి నేను చెప్పక్కర్లేదు. 300 లీటర్ల ట్యాంకు నీరే 300 కిలోల పైన తూగుతుంది, గాజు, రాళ్లు అదనం. దాన్ని గోడకు ఎలా కట్టాలో, అద్దె ఇంట్లో యజమాని ఒప్పుకుంటాడో లేదో ముందే తేల్చుకోవాలి.

ఇక చట్టం. చాలామంది దీన్ని తలనొప్పిగా చెప్పుకుంటారు. నా అభిప్రాయం అది కాదు. న్యూజిలాండ్ సముద్రంలోని రాతి పగడాలు, నల్ల పగడాలు, గోర్గోనియన్లు 1953 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ పొందాయి. 2010లో ఆ జాబితాను బాగా విస్తరించారు. కాబట్టి ఇక్కడి సముద్రం నుంచి పగడం ముక్క తీసుకురావడం నేరం. బయటి నుంచి తెచ్చుకోవాలంటే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం అనుమతులు కావాలి, ప్రాథమిక పరిశ్రమల మంత్రిత్వ శాఖ నిబంధనలున్నాయి, క్వారంటైన్ ఉంది. 1998 జులై 29 నాటికి ఈ దేశంలో లేని జీవి అయితే పర్యావరణ పరిరక్షణ సంస్థ ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. ఇండియాలోనైతే 2001 నుంచి రాతి పగడాలన్నీ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఇంట్లో వాటిని ఉంచుకోవడమే తప్పు. ఇక్కడ ఆ మేరకు వెసులుబాటు ఉంది. దానికి తగ్గ బాధ్యతా ఉంది.

ఇంత కట్టడి ఎందుకో తెలియాలంటే మొనాకో కథ తెలియాలి. 1984లో అక్కడి సముద్ర శాస్త్ర మ్యూజియం కిటికీల కింద, సముద్రంలో ఒక చదరపు మీటరు మేర కౌలెర్పా అనే ఆకుపచ్చ నాచు కనిపించింది. అక్వేరియంలో అందం కోసం పెంచే మొక్క అది. పదిహేనేళ్లు తిరిగేసరికి మధ్యధరా తీరంలో వేల హెక్టార్ల మేర పరుచుకుంది. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలోని ఒక మడుగులో తేలితే, దాన్ని తుడిచిపెట్టడానికి ఆరేళ్లు, లక్షల డాలర్లు పట్టాయి. 2021లో మన గ్రేట్ బారియర్ దీవి దగ్గర ఆ కుటుంబానికే చెందిన మరో కౌలెర్పా బయటపడింది. తర్వాత వైహెకే, కవావు దీవుల్లో, బే ఆఫ్ ఐలండ్స్ దాకా కనిపించింది. లంగరు వేయకూడదని, చేపలు పట్టకూడదని ఆంక్షలు పెట్టారు. తరతరాలుగా ఆ తీరాన గవ్వలు ఏరుకుని, చేపలు పట్టుకుని బతికిన మావోరీ కుటుంబాలకు తమ సముద్రంలోనే అడ్డంకి వచ్చింది. రీఫ్ ట్యాంకు సంపుల్లో నీటిని శుభ్రం చేయడానికి ప్రపంచమంతా ఏళ్ల తరబడి వాడిన నాచు కూడా ఈ కౌలెర్పా జాతే. ఇంట్లో పెంచే సరదాకూ ఊరి సముద్రానికీ మధ్య ఉన్నది డ్రైనేజీ గొట్టం ఒక్కటే.

నాచు సంగతి పక్కన పెడితే, మన తెలుగు నేలకు పగడంతో పాత సంబంధమే. కుజదోషం పోవాలని ఉంగరపు వేలికి పగడం పెట్టుకునేవాళ్లు లేని ఊరు లేదు. 17, 18 శతాబ్దాల్లో ఇటలీలోని లివోర్నో రేవు వర్తకులు మధ్యధరా ఎర్ర పగడాలను ఇండియాకు పంపి, వాటికి బదులు వజ్రాలు కొనుక్కునేవారు. గోల్కొండ రాళ్లు అలా ఐరోపా దారి పట్టాయి. చచ్చిన పగడానికి మనం వజ్రాలిచ్చాం. బతికున్న పగడాన్ని చూసినవాళ్లు మనలో ఎంతమంది?

చూడాలనుకుంటే ఈ దేశంలో ట్యాంకు అవసరం లేదు. దక్షిణ దీవిలోని మిల్ఫర్డ్ సౌండ్ వెళ్లండి. అక్కడ ఏటా ఆరు మీటర్లకు పైగా వాన పడుతుంది. అడవిలోంచి జారిన ఆ నీరు ఆకుల కషాయం కలిసి టీ రంగులో సముద్రపు నీటి మీద పొరలా తేలుతుంది, వెలుతురును అడ్డుకుంటుంది. కింద నీడ. దాంతో మామూలుగా చాలా లోతున మాత్రమే ఉండే నల్ల పగడాలు అక్కడ పదిమీటర్ల లోతులోనే చెట్లలా పెరుగుతాయి. అక్కడి హారిసన్ కోవ్‌లో నీటి కింద కట్టిన గదిలోకి మెట్లు దిగి, తడవకుండా వాటి ముందు నిలబడొచ్చు. నల్ల పగడం అన్నారు గానీ కనిపించేది తెల్లని కొమ్మలు. నలుపు లోపలి ఎముకది. వాటిలో మూడు వందల ఏళ్ల వయసున్నవీ ఉన్నాయి. అంటే గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కిన కాలానికి కాస్త అటూ ఇటూగా మొలిచిన జీవం అన్నమాట. దాని ముందు నిలబడిన పిల్లవాడికి హాల్లోని ట్యాంకు ఏ మాత్రం ఆనుతుంది?

అంత దూరం వద్దంటే గోట్ ఐలండ్ ఉంది. ఆక్లాండ్ నుంచి గంటన్నర ప్రయాణం. 1975లో ఏర్పడిన ఈ దేశపు తొలి సముద్ర అభయారణ్యం. అక్కడి లీ సముద్ర ప్రయోగశాలలో పనిచేసిన బిల్ బాలంటైన్ దానికోసం ఏళ్లపాటు పోరాడాడు. చేపలు పట్టడం ఆపేసరికి స్నాపర్ చేపలు, ఎండ్రరొయ్యలు పెరిగాయి. అవి కినా అనే సముద్రపు ముళ్ల జీవులను తిన్నాయి. కినాలు కొరికి బోడి చేసిన రాళ్ల మీద మళ్లీ నాచు అడవి లేచింది. మోకాలి లోతు నీటిలో నిలబడితే స్నాపర్లు కాళ్ల చుట్టూ తిరుగుతాయి. టికెట్టు లేదు.

ఇంతా చెప్పి ట్యాంకు వద్దే వద్దంటున్నానా? అనడం లేదు. పగడాన్ని ముక్క విరిచి అంటు కట్టినట్టు పెంచవచ్చని ప్రపంచానికి నేర్పడంలో ఇళ్లలో పెంచినవాళ్ల పాలు పెద్దది. బెర్లిన్‌లోని అభిరుచిపరులు 1970, 80ల్లో కుదిర్చిన పద్ధతే ఇప్పటికీ చాలా ట్యాంకులకు ఆధారం. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ 2012లో మొదలుపెట్టిన పరిశోధనలో వేడిని, పగటి నిడివిని, చివరికి వెన్నెలను కూడా ఋతువుల ప్రకారం మార్చి, పగడాల చేత అక్వేరియంలోనే గుడ్లు పెట్టించారు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం నాలుగోసారి మొదలైందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. అలాంటి కాలంలో ఈ విద్యకు విలువ ఉంది. అయితే నా హాల్లో ట్యాంకు గ్రేట్ బారియర్ రీఫ్‌ను కాపాడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోను. దాన్ని చంపుతున్నది సముద్రపు వేడి. ఆ వేడికి కారణమైన పొగను మన హీటరు తగ్గించదు.

అందుకని నా తీర్పు ఇది. అందం కోసం, అతిథులకు చూపించడం కోసం అయితే ఈ ట్యాంకు గిట్టుబాటు కాదు. రెండేళ్లు తిరక్కుండానే భారమవుతుంది, ఆ భారం మోసేది పగడాలే. వారం వారం నీటిని పరీక్షించి కాగితం మీద రాసుకోవడంలో నిజమైన ఇష్టం ఉన్నవాళ్లకు, పెరిగిన కొమ్మను విరిచి ఇంకొకరికి ఇవ్వడంలో సంతోషం ఉన్నవాళ్లకు పెట్టిన ప్రతి డాలరూ దక్కుతుంది. దిగుమతి కష్టమైన ఈ దేశంలో అలా చేతులు మారిన ముక్కే అన్నిటికన్నా మంచి ముక్క. ఇక్కడి నీటికి అలవాటుపడింది, ఏ పగడపు దిబ్బ నుంచీ విరిచి తెచ్చింది కాదు.

మా మేనల్లుడికి, మీకూ చెప్పేది ఇదే. ముందు పిల్లలతో గోట్ ఐలండ్ వెళ్లి రండి. అయినా కోరిక తీరకపోతే మెత్తటి పగడాలతో మొదలుపెట్టండి. చేపలు సముద్రంలో పట్టినవా, తొట్టెల్లో పుట్టించినవా అని కొట్టువాడిని అడిగి, తొట్టెల్లో పుట్టినవే తీసుకోండి. ఇండియా వెళ్లే ముందు పక్కింటాయనతో మీ ఎదురుగా రెండు వారాలు ఆ పని చేయించండి. మార్చిన నీటిని వీధిలోని వాననీటి కాలువలో మాత్రం ఎప్పుడూ పోయకండి. అది శుద్ధి కాకుండా నేరుగా సముద్రంలోకి వెళ్తుంది. ఇంట్లో సింకులో పోయండి.