తూటాకు సంతకం లేదు, తీగకు అడ్డు లేదు

మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవిపందుల మంద ఒక్క రాత్రి చేనులో దిగితే చాలు. తెల్లారి చూస్తే తిన్నదానికంటే తొక్కి పడేసిందే ఎక్కువ ఉంటుంది. వేరుశనగ అయితే మూతితో సాలు వెంబడి సాలు తవ్వి, కాయ నమిలి, తీగను ఎండకు వదిలేసి పోతాయి. కౌలుకు చేసిన రైతు ఆ గట్టు మీద కూలబడితే లేపడానికి మాటలు దొరకవు. మంచె వేసుకుని, టార్చిలైటు పట్టుకుని, ఖాళీ డబ్బా వాయిస్తూ చలిలో కావలి కాసినా అంతే. పంది పక్క చేనులోకి వెళ్లి, ఆయన కునుకు తీయగానే తిరిగొస్తుంది. చీరలు కట్టారు, మంగలి షాపుల నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లారు, కుళ్లిన గుడ్ల నీళ్లు పిచికారీ చేశారు. నాలుగు రోజులకు పందులు వాటన్నిటికీ అలవాటు పడ్డాయి.

నా కోపం పంది మీద కాదు. దానికి ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు. రైతుకు ఒక దారి చూపించే చట్టం ఉండగా, ఆ దారికి అడ్డంగా కూర్చుని ఏళ్లకు ఏళ్లు ఏమీ పట్టనట్టు ఉండేవాళ్ల మీదే నా కోపమంతా.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలామంది అనుకుంటున్నట్టు రైతు చేతులు పూర్తిగా కట్టేయలేదు. అడవిపంది మనుషుల ప్రాణానికో, నిలిచి ఉన్న పంటకో ముప్పుగా మారితే, కారణాలు రాసి, దాన్ని వేటాడేందుకు లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చని 11వ సెక్షన్ చెబుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2021లో ఆ అధికారాన్ని సర్పంచుల దాకా తెచ్చింది. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. షరతులూ సబబైనవే. అటవీశాఖ జాబితాలో ఉన్న, లైసెన్సు ఉన్న షూటరే కాల్చాలి. కళేబరాన్ని అటవీ సిబ్బంది సమక్షంలోనే పూడ్చాలి. మాంసం పంచుకోకూడదు, అమ్మకూడదు. చట్టం ప్రకారం అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. బతికి చేను మేసినంత కాలం ఆ పంది ఎవరిదీ కాదు. చచ్చిన క్షణం నుంచి మాత్రం సర్కారుది!

ఇక ఆ కాగితం కోసం తిరిగి చూడండి. బీటు ఆఫీసరు రేంజి ఆఫీసుకు వెళ్లమంటాడు. రేంజి ఆఫీసులో పంచాయతీ తీర్మానం తెమ్మంటారు. పంచాయతీ కార్యదర్శి తనకేమీ ఆదేశాలు రాలేదంటాడు. షూటరు ఎవరు, ఏ ఊళ్లో ఉంటాడు, ఫోను నంబరేమిటి, ఆయన వచ్చి పోయే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని అడిగితే రైతు చేతిలో ఒక్క కాగితం పెట్టేవాడు లేడు. ఈలోపు కంకి ముదిరిపోతుంది, లేదా మిగలదు. పైగా 2024 జనవరి ఆఖరుకు తెలంగాణ సర్పంచుల పదవీకాలం ముగిసింది. మళ్లీ పంచాయతీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఈ నడుమ రెండు వానాకాలాలూ ఒక నిండు యాసంగీ గడిచిపోయాయి. సర్పంచే లేని ఊళ్లో ఆ సంతకం ఎవరిదో ఊరూరా దండోరా వేయించి చెప్పాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చిందా? ఏ ఎన్నికలొచ్చినా లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషనులో అప్పజెప్పమంటారు. పందులకు ఎన్నికల కోడ్ వర్తించదు కదా!

తుపాకి సంగతి ఇంకా ఘోరం. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదవండి. పంట కాపలా కోసం రైతుకు ఇవ్వదలచిన తుపాకి గొట్టంలో మందు కూరి పేల్చే రకం. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారికి అనిపిస్తే నున్నటి గొట్టం ఉన్న ఇంకో తుపాకి ఇవ్వవచ్చు. రైఫిల్ ఊసే లేదు. మందు కూరి, ఇనుప ముక్కలు దట్టించి చీకట్లో పేల్చిన నాటు తుపాకి దెబ్బ తిన్న పంది ఏమవుతుందో అడవి అంచు ఊళ్లలో పశువుల కాపర్లను అడగండి. తొడలో, కడుపులో ముక్కలు దిగి, పొదల్లో పడి, పురుగు పట్టి, నాలుగైదు రోజులకు చస్తుంది. ఆ వాసనకే దాని జాడ తెలుస్తుంది.

ఇంగ్లండు పల్లెల్లో గొర్రెపిల్లలను, కోళ్లను ఎత్తుకుపోయే ఎర్రనక్కను కాల్చే విషయంలో ఎంత చర్చ నడుస్తుందో తెలిస్తే మన మీద మనకే కోపం వస్తుంది. అక్కడ 2004 చట్టంతో కుక్కలను ఉసిగొల్పి నక్కను వేటాడటం నిషిద్ధమైంది. విషం పెట్టడం నేరం. వేల్స్, స్కాట్లండ్ ఈమధ్యే ఉచ్చులను కూడా నిషేధించాయి. ప్రధానంగా మిగిలింది తుపాకి. దానిమీదా వాళ్లు గుడ్డిగా లేరు. 0.22 రిమ్‌ఫైర్ అనే చిన్న రైఫిల్ ఉంది. సుత్తి తూటా అడుగున అంచు మీద కొడితే పేలుతుంది కాబట్టి ఆ పేరు. తూటా బరువు రెండున్నర గ్రాములు. కుందేలుకు సరిపోతుంది. నక్కకు చాలా సందర్భాల్లో చాలదని, అనుభవం ఉన్నవాడు దగ్గరి నుంచి, సరైన తూటాతో, ఒక్క దెబ్బకు ప్రాణం పోయేలా కాల్చగలిగితేనే వాడాలని అక్కడి హోం శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. ఏ జంతువు మీద వాడటానికి ఆ రైఫిల్ ఇచ్చారో లైసెన్సులోనే రాస్తారు. గురి తప్పిన తూటా మైలుకు పైగా పోగలదు కాబట్టి వెనకాల మట్టికట్ట లేకుండా కాల్చవద్దని శిక్షణలో మొదటే చెబుతారు. అక్కడ తప్పులు జరగవని నేననడం లేదు. చంపక తప్పనప్పుడు ఆ జంతువు ఎంతసేపు బాధపడుతుంది అన్న ప్రశ్న మాత్రం అక్కడ అధికారుల బల్ల మీద ఉంది.

ఇక్కడ ఆ ప్రశ్న అడిగిన నాథుడు లేడు. మగ అడవిపంది భుజాల మీద దళసరి తోలు, దాని కింద గట్టి పీచు పొర కవచంలా ఉంటాయి. చిన్న తూటాతో కాలిస్తే గాయపడిన పంది పారిపోతుంది, లేదా తిరగబడి మనిషిని చీలుస్తుంది. దానికి బరువైన తూటా, కుదురైన చెయ్యి, వెలుతురు, తగిన దూరం కావాలి. ఈ నాలుగూ అమర్చాల్సిన బాధ్యత అనుమతి ఇచ్చేవాడిది. అనుమతే అందనప్పుడు ఈ మాటలన్నీ ఎవరికి చెప్పుకోవాలి?

చట్టబద్ధమైన తూటా రాని చోట కరెంటు తీగ వచ్చింది. మోటరు స్టార్టరు నుంచో, స్తంభం మీది లైను నుంచో కొక్కెం తగిలించి, మోకాలి ఎత్తున కర్రలు పాతి, బైండింగు వైరు లాగుతారు. సోలారు కంచె వేరు. అది ఆగి ఆగి చిన్న షాకు కొట్టి తరుముతుంది, చంపదు. ఈ తీగ పట్టుకుంటే వదలదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవిలో కూంబింగుకు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో జంతువుల కోసం పెట్టిన తీగ తగిలి చనిపోయాడు. తుపాకి పట్టిన శత్రువును ఎదుర్కోవడానికి శిక్షణ పొందిన యువకుడి ప్రాణం తీసింది బైండింగు వైరు. 2025 మేలో ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవిలో ఆడపులి ఇలాంటి తీగకే బలైంది. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన పక్క చేను రైతు, తాను పెట్టిన తీగకే తాను తగిలిన రైతు... ఇవి జిల్లా ఎడిషన్లో సింగిల్ కాలం వార్తలు. మర్నాడు ఇంకో ఊరి పేరుతో అదే వార్త.

తీగ కాకపోతే ఉచ్చు, ఉచ్చు కాకపోతే నాటు బాంబు. మోటారు సైకిలు క్లచ్ వైరుతో బిగించిన ఉచ్చులో పందికంటే ముందు నక్క పడుతుంది. ఎలుకలను, పీతలను తిని రైతుకు మేలు చేసే నక్క! నడుము దగ్గర తీగ తోలు కోసి లోపలికి దిగిపోతుంటే, తప్పించుకోవాలని తిరిగి తిరిగి చుట్టూ నేలను గుంత చేసి చస్తుంది. నాటు బాంబు సంగతి 2020 మేలో కేరళ పాలక్కాడ్ జిల్లాలో పేలుడు పదార్థం కొరికి, వెళ్లియార్ నదిలో నిలబడి చనిపోయిన గర్భిణి ఏనుగు వల్ల దేశమంతటికీ తెలిసింది. ఫొటో చూసి దేశం వారం రోజులు ఏడ్చింది. తర్వాత మరిచిపోయింది.

నేను పశువైద్యుణ్ణి. మా ఆసుపత్రికి ఒక సాయంత్రం ట్రాలీలో ఒక ఆవును తెచ్చారు. కంచె పక్కన మేస్తూ పిండిముద్దలా కనిపించినదాన్ని కొరికింది. కింది దవడ రెండుగా చీలి వేలాడుతోంది. నాలుక ముందు భాగం లేదు. ముట్టె మీద మందు మసి. దించగానే అది తనంతట తానే తొట్టి దగ్గరికి నడిచి మూతి ముంచింది. నీళ్లు గొంతులోకి పోవడం లేదు. దవడ చీలికలోంచి ఎర్రగా మళ్లీ తొట్టిలోకే కారుతున్నాయి. తల ఎత్తింది, మళ్లీ ముంచింది. ఎంత దాహమో! దాన్ని పెంచిన ముసలామె నా చెయ్యి పట్టుకుని, "డాక్టరు సారూ, కుట్లేస్తే మళ్లా మేస్తదా?" అంది. మేయదమ్మా అని చెప్పి, నొప్పి తెలియకుండా నిద్రమందు ఎక్కించడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే, బాంబు ఎవరు పెట్టారో పేరు చెబితేనే రాసుకుంటామన్నారట. ఆమె ఆ ఆవు పాలు అమ్మి మనవణ్ణి చదివించుకునేది. ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వడానికి ఏ పద్దూ లేదు, ఎందుకంటే ఆవును చంపింది వన్యప్రాణి కాదు!

నగరంలో కూర్చుని జంతుప్రేమ మాట్లాడేవాళ్లనూ ఒకటి అడగాలి. పందిని కాల్చడానికి అనుమతి అనే మాట వినగానే మీరు కోర్టుకు వెళ్తామంటారు. మరి ఏటా తీగకు, ఉచ్చుకు, బాంబుకు చచ్చేవాటి కోసం ఏ కోర్టుకు వెళ్లారు? కుదురైన చేతిలోని రైఫిల్ దెబ్బకు క్షణంలో పోయే ప్రాణం మీకు హింస, క్లచ్ వైరులో రెండు రోజులు గిలగిలలాడేది మీ కంట పడదు. మీ మౌనం జంతువులకు మేలు చేయలేదు. అధికారులకు మాత్రం బాగా పనికొచ్చింది, ఎటూ తేల్చకుండా ఫైలు పక్కన పెట్టడానికి.

కాల్చి పారేస్తే పందుల సమస్య తీరిపోతుందని నేను నమ్మను. ఒక్కో ఈతకు నాలుగైదు పిల్లలు పెట్టే జంతువు అది. ముందు కంచె, తర్వాత సామూహిక కావలి, వేళకు పరిహారం. ఇవేవీ ఫలించని చోట, చిట్టచివర రైఫిల్. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు చేటు చేసే జంతువుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న విభాగమే ఉంది. అక్కడ తేలిన పద్ధతులు అడవి అంచు మండలాల రైతుకు ఎన్ని చేరాయి? సోలారు కంచె రాయితీ కోసం దరఖాస్తు పెట్టినవాడికి ఏ సీజనులో చేతికి వచ్చింది? పొలం కాపాడుకునే ప్రతి చట్టబద్ధమైన దారినీ నానబెట్టి, నాన్చి, చివరికి మనిషో పులో చచ్చాక రైతును జైలుకు పంపడం ఏ న్యాయం? తీగ పెట్టినవాణ్ణి శిక్షించండి, నేను కాదనను. ఆరు నెలలు దరఖాస్తు మీద కూర్చున్నవాణ్ణి ఏం చేశారు?

జిల్లా కలెక్టర్లనూ అటవీ అధికారులనూ నేను అడిగేది పెద్ద వరం కాదు. ప్రతి రైతు వేదిక గోడ మీద షూటర్ల పేర్లు, ఫోను నంబర్లు రాయించండి. రైతు దరఖాస్తు పెట్టిన 48 గంటల్లో అవునో కాదో కారణంతో సహా రాసివ్వండి. ఏ తూటా, ఎంత దూరం, ఏ వేళ అన్నది అనుమతి పత్రంలోనే ఉండాలి. షూటరు ఖర్చు ప్రభుత్వమే భరించాలి. చీకటి పడ్డాక లైన్‌మనూ బీటు ఆఫీసరూ కలిసి అడవి అంచు లైన్ల వెంట నడిచి కొక్కేలు తీయించాలి. మక్కలు కంకి వేసేలోపు ఇవన్నీ జరగాలి, తర్వాత చేస్తే దండగ.