ధర అడిగేవారే గానీ ఊరు అడిగేవారేరీ?

2022 చివర్లో ఏలూరు జిల్లా కొయ్యలగూడెం మండలంలోని ఓ పామాయిల్ తోటలో పైపులైను కోసం తవ్వుతుంటే మట్టిపిడత ఒకటి బయటపడింది. లోపల 18 బంగారు నాణేలు. రెవెన్యూ వాళ్లు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. కొన్నాళ్లపాటు ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఒక్కోటి ఎన్ని గ్రాములు తూగుతుంది, ఈ రోజు రేటుకి ఎంత వస్తుంది అన్నదాని చుట్టూనే చర్చంతా నడిచింది. ఏ టంకశాలలో కొట్టినవి, వాటిని దాచుకున్నవాడికి ఏ భయం వచ్చిపడింది అని ఆరా తీసినవాళ్లు తక్కువ.

నాణేల సేకరణ అనే సరదా రేపటి తరంలో బతుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు నాకు అక్కడే కనిపిస్తుంది. ఈ ప్రశ్న వేసేది ఎక్కువగా యాభై దాటినవారే. వాళ్ల బెంగ అర్థం లేనిదేమీ కాదు. వాళ్ల చిన్నతనంలో సేకరణకు పెట్టుబడి అక్కర్లేదు, సరుకు చిల్లరలోనే ఇంటికి వచ్చేది. 1957లో దశాంశ పద్ధతి వచ్చాక కొన్నేళ్లు ‘నయా పైసా’ అని రాసి ఉన్నవి, 1964లో మొదలైన ఆరు పలకల మూడు పైసల బిళ్ల, 1968 నాటి కమలం గుర్తు ఇరవై పైసలు పోపుల డబ్బా అడుగునో అంగడి గల్లాలోనో దొరికేవి. యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం 1943 నుంచి కొట్టిన చిల్లుకాణీలు నాయనమ్మ ట్రంకుపెట్టెలో మూటకట్టి ఉండేవి. పిల్లవాడు చేయాల్సిందల్లా ఏరుకోవడమే.

ఇప్పుడా దారి మూసుకుపోయింది. పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ బయట టీ కొట్టు దగ్గరా క్యూఆర్ కోడే, కైకలూరులో కేజీ చేపలు కొన్నా ఫోన్‌పేనే. ఇంట్లో చిల్లర డబ్బా లేని పిల్లలకు నాణెం తిప్పి చూసే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

అలాగని ఈ సరదాకు నీళ్లొదిలేయాల్సిన పని లేదు. మన వైపు కొట్లలో పది రూపాయల నాణెం ఇస్తే ‘చెల్లదండీ’ అని వెనక్కి తోసే రోగం ఏళ్లుగా ఉంది. ఈ పుకారు దేశమంతా ముదిరితే 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది: 14 రకాల డిజైన్లలో విడుదలైన పది రూపాయల నాణేలు అన్నీ చెల్లుతాయని. కిరాణా కొట్టాయన చిరాకుపడే ఈ వైవిధ్యమే సేకర్తకు పండగ. పద్నాలుగు రకాలు కలిపి నూటనలభై రూపాయలు, అంతే. వాటిమీద సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది, డైమండు ఉంటే ముంబైది, ఏమీ లేకపోతే కోల్‌కతాది. ఏలూరు బస్టాండులో కండక్టరు ఇచ్చిన బిళ్ల హైదరాబాద్ చర్లపల్లిలో పుట్టిందో గంగ ఒడ్డున పుట్టిందో అరనిమిషంలో చెప్పేయొచ్చు. పదేళ్ల పిల్లలకు ఇది ఎక్కడానికి భూతద్దం ఒక్కటి చాలు.

యువతకు ఆసక్తి లేదనడం కూడా సరికాదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని విడుదల చేశాక, ధర నాలుగు వేలు దాటినా హైదరాబాద్‌లో కొనేవాళ్లు బారులు తీరారు. సగం వెండి ఉన్న ఆ 44 మిల్లీమీటర్ల బిళ్ల ఏ చేతులూ మారదు, పెట్టెలోంచి బీరువాలోకి వెళ్తుంది. అభిమానం మంచిదే. కానీ దాన్ని సేకరణ అనడం కంటే జ్ఞాపిక కొనుక్కోవడం అంటే న్యాయంగా ఉంటుంది.

అసలు చీడ వేరే ఉంది. ‘మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయల నాణెం ఉందా? లక్షలు మీవే’ అనే వీడియోలు కుర్రాళ్ల ఫోన్ల నిండా ఉన్నాయి. తీరా నంబరుకు ఫోన్ చేస్తే ముందు పన్ను కట్టండి, కమీషన్ కట్టండి అంటారు. తన పేరు వాడుకుని జరుగుతున్న ఈ మోసం గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. దీనికి అన్నలాంటిది రైస్ పుల్లింగ్. బియ్యపు గింజల్ని లాగే మహిమగల నాణెమంటూ ఉన్నదంతా ఊడ్చుకుపోయే ముఠాల కేసులు రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులకూ కొత్త కాదు. ఆంజనేయుడి బొమ్మతో 1818 అని అంకె వేసిన ‘ఈస్టిండియా కంపెనీ’ బిళ్లలు ఉత్త నకిలీలు. తమాషా ఏమిటంటే, కంపెనీ నిజంగానే మద్రాసులో 1807-08 ప్రాంతంలో ఒకవైపు గుడి గోపురం, మరోవైపు దేవుడి బొమ్మ, చుట్టూ తమిళ తెలుగు అక్షరాలతో వెండి అర వరహాలు కొట్టించింది. తెలిసినవాడికి ఆ అసలైన నాణెం ముందు నకిలీ నిలబడదు. తెలియనివాడికి రెండూ దేవుడి బిళ్లలే. ఈ సరదాకు చేటు చేసేది యూపీఐ కంటే ఈ లాటరీ ఆశే అని నా అభిప్రాయం. లక్షలు రావని తేలిన మరుక్షణం ఆ కుర్రాడు డబ్బా మూసేస్తాడు, మళ్లీ తెరవడు.

ఇంతకూ ఇది బతకాలని ఎందుకు కోరుకోవాలి? కాలక్షేపానికైతే క్రికెట్ ఉంది. మన ప్రాంతంలో దీనికి వేరే కారణం ఉంది. ఏలూరుకు కూతవేటులో ఉన్న పెదవేగే ఒకనాటి వేంగి. శాలంకాయనులు, విష్ణుకుండినులు, తూర్పు చాళుక్యులు ఏలిన నేల. తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి బంగారు నాణెం ఫొటో ఎప్పుడైనా పట్టి చూడండి. రేకులా పల్చగా, వెడల్పుగా ఉంటుంది. నడుమ వరాహం. అంచు చుట్టూ రాజు పేరులోని అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడి అచ్చుతో గుద్ది ఉంటాయి, అందుకే వరస కాస్త ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ఆయన నాణేలు, ఆయనకు ముందటి శక్తివర్మ నాణేలు బర్మాలోని అరకాన్ తీరం దగ్గర చెదూబా దీవిలోనూ, సయాంలోనూ దొరికాయి. వేంగి సొమ్ము సముద్రం దాటిందని మనకు తెలిసింది ఆ నాణేల వల్ల కాదు, అవి ఎక్కడ దొరికాయో ఎవరో రాసిపెట్టడం వల్ల.

ఆ రాసిపెట్టినవారిలో ముఖ్యుడు వాల్టర్ ఇలియట్. ఉత్తర సర్కారుల కమిషనర్‌గా పనిచేసిన అధికారి, నాణేల పిచ్చి ఉన్న మనిషి. చూపు దాదాపు పోయిన ముసలితనంలో దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తి చేశాడు. మన కాలంలో కోటిలింగాల కథ ఇంకా గట్టి సాక్ష్యం. గోదావరి ఒడ్డున ఆ ఊళ్లో సంగనభట్ల నరహరిశర్మ సేకరించిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి వెలుగులోకి తెచ్చారు. గోబద, సమగోప వంటి, ఏ పురాణమూ చెప్పని రాజుల పేర్లు వాటివల్ల చరిత్రకెక్కాయి. శాతవాహనుల మూలపురుషుడిగా చెప్పే శిముకుడి నాణేలూ అక్కడ దొరికాయి. ఆ బిళ్లలు సంతలో చేతులు మారిపోయి ఉంటే, తూకానికి సీసమూ రాగీ తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

ఇప్పుడు మన పరిస్థితి ఏమిటి? కొల్లేరు చుట్టూ చేపల చెరువులు తవ్వే పొక్లెయిన్ల తొట్టిలో ఏం వచ్చిందో చూసే తీరిక ఎవరికీ లేదు. దిబ్బల మట్టి ట్రాక్టర్ల మీద ఇంటి పునాదుల్లోకి పోతోంది. అందులో దొరికిన బిళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో ‘పాత నాణెం, అమ్మబడును’ అయిపోతుంది. చేతులు మారేకొద్దీ మొదట రాలిపోయేది ఊరి పేరే.

దీనికి జనాన్ని మాత్రమే తిట్టి లాభం లేదు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపం దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే జైలు. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. జైలు సంగతి ఊరందరికీ తెలుసు, ఐదో వంతు సంగతి ఎంతమందికి తెలుసు? ట్రెజరీకి వెళ్లిన వస్తువు మళ్లీ కనబడదన్న నమ్మకం మాత్రం బలంగా ఉంది. అందుకే బంగారం దొరికితే కంసాలి మూస దగ్గరికి, రాగి దొరికితే పాతసామాన్ల బండికి. స్వాధీనం చేసుకున్న నాణేల ఫొటోలు, తూకం, దొరికిన చోటు నెలలోపు జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టి, వాటిని అప్పగించిన రైతు పేరును గౌరవంగా ప్రకటిస్తే ఈ భయం సగం తగ్గుతుంది. దానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

కొత్తతరం మీద నాకు ఆశ ఉన్నది ఇక్కడే. చిల్లరను మింగేసిన ఫోనే ఫొటో తీసిన చోటును మీటర్లతో సహా గుర్తుపెట్టుకుంటుంది. ఇలియట్‌కు దక్కని సౌకర్యం అది. తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుకునే నలుగురు పిల్లలు తలుచుకుంటే పెదవేగి, దెందులూరు, కొల్లేరు లంకల్లో ఇళ్లలో ఉన్న పాత నాణేల పటం ఒకటి తయారు చేయడం పెద్ద పని కాదు. నాణెం వాళ్లింట్లోనే ఉంటుంది. రెండువైపులా ఫొటో, తూకం, ఎవరి ద్వారా వచ్చింది, ఏ చేలో దొరికిందన్నారు, ఇంతే కావాలి. పాత నాణేలు కొనే కుర్రాళ్లు కూడా అమ్మేవాడిని ‘ఎంత’ అని అడిగే ముందు ‘ఎక్కడిది’ అని అడిగి రసీదు వెనక రాయించుకోవడం మొదలుపెట్టొచ్చు. ఇందులో త్యాగమేమీ లేదు. పెద్ద వేలాల్లో పూర్వాపరాలు రాసి ఉన్న నాణేనికి, అవి లేని అలాంటి నాణెం కంటే మంచి ధరే పలుకుతుంది.