సిలబస్సులో లేని పుస్తకాలు

ఈ సంచికకి ఏదైనా వ్యాసం ఇమ్మని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగినప్పుడు "విద్యార్థులు – క్రమశిక్షణ", "నేటి యువత – రేపటి భారతం" వంటి శీర్షికలు నాలుగైదు నా ముందు పెట్టారు. వాటిమీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను రాయదలచుకున్నది అంతకంటే చిన్న సంగతి. గడిచిన పన్నెండు నెలల్లో పరీక్షకి అక్కరలేని పుస్తకాలు ఇరవై ఆరు చదివాను. ఏది ఎప్పుడు మొదలుపెట్టిందీ, ఎప్పుడు ముగించిందీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. నేను చదివేది కెమిస్ట్రీ. అంచేత ఇది విమర్శకుడి మాట కాదు, మామూలు పాఠకుడి అభిప్రాయమని ముందే మనవి చేసుకుంటున్నాను.

మా ఊళ్లో మా పెదనాన్న ఒక ప్రశ్న వేశాడు. హాస్టల్లో నా పక్కగదివాళ్లూ అదే వేశారు. మాటలు వేరుగానీ భావం ఒకటే: "ఈ కథల పుస్తకాలు కూడు పెడతాయా?"

ఈ ప్రశ్నని చూసి నవ్వే హక్కు మనకి లేదు. మనలో చాలామంది ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం. ఉద్యోగం వస్తే ఒడ్డెక్కుతాం, లేకపోతే లేదు. హైదరాబాదులో చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి. గ్రూప్సుకి కూర్చునే కుర్రాళ్లు పొద్దున్నే వచ్చి చోటు పట్టుకుంటారు. తమ పుస్తకాలు తామే సంచుల్లో తెచ్చుకుంటారు, లైబ్రరీ పుస్తకాల జోలికి పోరు. వాళ్లని చూసి "చదివే అలవాటు నశించింది" అని పెద్దమనుషులు నిట్టూరుస్తూంటారు. నాకది నచ్చదు. కూటికోసం అంత శ్రద్ధగా కూర్చున్నవాణ్ణి తప్పు పట్టడానికి మనమెవరం?

కాని ఆ ప్రశ్నకి పుస్తకప్రియులు చెప్పే జవాబు నాకు అంతకన్నా నచ్చదు. చదివితే వ్యక్తిత్వం వికసిస్తుందట, ఇంటర్వ్యూలో మాట తడబడదట. అదీ కూటిమాటే గదా! కాకపోతే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది.

కన్యాశుల్కం సంగతి చూడండి. మన వార్షికోత్సవాల్లో గిరీశం వేషం కట్టని ఏడాది లేదు. ఆ పేరు వినని తెలుగువాడు ఉండడు, మొత్తం నాటకం చదివినవాడు మాత్రం గాలించినా దొరకడు. ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడింది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. ఇవాళ మనం కన్యాశుల్కం అంటున్నది ఈ రెండోదాన్నే. సంక్రాంతి సెలవుల్లో రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. మొదటిదానిలో మధురవాణికి పెద్ద పనిలేదు. రెండోదానిలో ఆవిడే నాటకానికి ఆయువుపట్టు. అచ్చయిపోయిన పుస్తకాన్ని పట్టుకుని ఆ మనిషి అన్నేళ్లు ఆలోచించాడు. రాత్రికి రాత్రి రికార్డు కాపీచేసి పొద్దున్నే సంతకం పెట్టించుకునే మనకి ఇది కాస్త విడ్డూరంగానే ఉంటుంది.

అయితే నన్ను నిద్రపోనివ్వనిది నాటకం కాదు. 1897 ముద్రణకి ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠిక. అప్పటికి పదేళ్లకి పూర్వం విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణుల శుల్క వివాహాలకి జాబితా ఒకటి తయారు చేయించారు. లెక్క 1,034కి వచ్చింది. సరాసరిన ఏడాదికి 344. ఆ పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ ముగ్గురికీ పలికిన ధర తలకి 350 నుంచి 400 రూపాయలు.

నేను ల్యాబులో రోజూ అంకెలు రాసేవాణ్ణే. బ్యూరెట్టు రీడింగు 0.1 తేడా వస్తే మళ్లీ మొదలుపెడతాను. ఆ ముగ్గురు అన్న అంకెని మాత్రం దాటలేకపోయాను. ఏడాది పిల్ల అంటే గోడ పట్టుకుని అప్పుడప్పుడే నిలబడే పిల్ల. దాన్ని చదివాక మళ్లీ లుబ్ధావధాన్లు పెళ్లిబేరం దగ్గరికి వచ్చేసరికి అంతకుముందు వచ్చిన నవ్వు రాలేదు. వచ్చింది గానీ, గొంతులో ఎక్కడో ఆగిపోయింది. పరీక్షలో "కన్యాశుల్కంలో హాస్యం" అని పదిమార్కుల ప్రశ్న వస్తుందని బి.ఏ. మిత్రుడు చెప్పాడు. గైడులో జవాబు ఒకటిన్నర పేజీ. ఆ ఒకటిన్నర పేజీలో ఈ ముగ్గురు పిల్లలకీ చోటు లేదు. గైడుమీద నాకున్న కోపం ఇదే. అది అబద్ధం చెప్పదు, కానీ కావలసినంతవరకే చెప్పి తలుపు మూసేస్తుంది.

ఇరవై ఆరూ ఇలాంటివేనని చెప్పను. 1922లో వచ్చిన మాలపల్లి చాలాచోట్ల ఉపన్యాసంలా సాగి నన్ను విసిగించింది, అయినా బ్రిటిషు ప్రభుత్వం దాన్ని ఎందుకు నిషేధించిందో బోధపడింది. చలం మైదానానికి మా హాస్టల్లో విపరీతమైన గిరాకీ. ఏదో ఉంటుందని తీసుకెళ్లినవాళ్లు పదిపేజీలు తిరగేసి, "ఏముందిరా ఇందులో" అని వెనక్కి ఇచ్చేశారు. మా అమ్మ వారపత్రికల్లోంచి చింపి, కుట్టి, బైండు చేయించి దాచుకున్న సీరియళ్లు రెండు చదివాను. యద్దనపూడి సెక్రటరీ కూడా చదివాను. 1976లో సినిమా వచ్చింది గదా, అదే నవల. మేధావులు ఈ నవలల్ని కారూ మేడా కథలని తీసిపారేస్తారు. కాని అందులో జయంతి ఆఫీసుకు వెళ్లి జీతం తెచ్చుకునే పిల్ల. ఇల్లు కదలని ఆడవాళ్లు ఆ పిల్ల వెంట ఆఫీసు దాకా నడిచారు. మా అమ్మ ఆ కుట్లు ఎందుకు వేసిందో నాకిప్పుడు అర్థమైంది, మేధావులకి కావలసిన అవసరం లేదు.

ఇక కాళీపట్నం రామారావుగారి యజ్ఞం. పేదరైతు అప్పల్రాముడి బాకీమీద పంచాయితీ. తీర్పు చెప్పవలసిన పెద్ద శ్రీరాములునాయుడు. ఊరికి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది. అప్పల్రాముడికి మాత్రం ఉన్న భూమి పోయే రోజు వచ్చింది. తన బిడ్డ ఇంకొకరి దగ్గర కంబారివాడిగా బతకకూడదని అతని కొడుకు సీతారాముడు చివరికి ఆ బిడ్డనే చంపుతాడు. ఈ ముగింపుమీద మన విమర్శకులు దశాబ్దాల తరబడి వాదులాడుకున్నారు. నేనా వాదాలన్నీ చదవలేదు. ఉగాదికి ఇంటికి వెళ్లినప్పుడు కథని మా నాన్నకి చదివి వినిపించాను. రెండు రాత్రులు పట్టింది. ఆయన చదివింది అయిదో క్లాసు. ప్రామిసరీ నోటుమీద సంతకం పెట్టడం మాత్రం బాగా తెలుసు, మా ఇంటి ట్రంకుపెట్టెలో అడుగున అవే ఉంటాయి.

విన్నాక ఆయన ముగింపు గురించి ఒక్కముక్క అడగలేదు. చుట్ట ఆరిపోయేదాకా ఊరుకుని, "ఆ నాయుడు సెడ్డోడు కాడ్రా. అదే సిక్కు" అన్నాడు.

నాకు తట్టని మాట అది. చెడ్డవాడైతే తిట్టుకుని పోవచ్చు. మంచివాడు కూర్చుని, న్యాయంగా లెక్క చూసి, న్యాయంగానే భూమి ఊడబెరికితే ఎవరిని తిట్టుకోవడం? అది మొదలు మేం ఇద్దరం అప్పుల సంగతి మాట్లాడుకోవడం ప్రారంభించాం. అంతకుముందు నేను అడిగేవాణ్ణి కాదు, ఆయన చెప్పేవాడు కాదు. పెదనాన్న ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇంతే. కూడు పెట్టలేదు, నిజమే. మా నాన్న ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో నాకు చెప్పించింది.

కారా మాస్టారు 2021లో పోయారు. ఆయన 1997లో శ్రీకాకుళంలో కేవలం తెలుగు కథలకోసమే నెలకొల్పిన కథానిలయం మాత్రం ఉంది. అటు వెళ్లేవాళ్లు ఒక పూట ఆగితే నష్టపోరు.

చదివినవాటిలో సగానికి పైగా సెల్‌ఫోన్‌లో స్కాను కాపీలే. కాదనను, అదీ భాగ్యమే. కాని అచ్చుపుస్తకం కావాలంటే మన కాలేజీ లైబ్రరీలో తెలుగు నవలలన్నీ బీరువాలో ఉంటాయి, బీరువాకి తాళం ఉంటుంది, తాళంచెవి సెలవులో ఉంటుంది! ల్యాబు వదిలేది అయిదింటికి, లైబ్రరీ మూసేదీ అయిదింటికే. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణంగారు పుస్తకాల్ని పడవకెక్కించి కాలవ వెంట ఊరూరా తిప్పారు. ఆ పడవ పల్లెలకి చేరింది. మెట్లెక్కితే వచ్చే బీరువా మనకి చేరడం లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. మా నాన్న అదీ కడుతున్నాడు. కనక జిల్లా గ్రంథాలయంలో గాని, కాలేజీలో గాని పుస్తకం అడగడం దేబిరించడం కాదు.

విద్యార్థి సంఘం మిత్రులకి నా కోరికలు రెండే. లైబ్రరీ రాత్రి ఎనిమిదిదాకా తెరిచి ఉంచమని ప్రిన్సిపాలుగారికి వినతిపత్రం ఇవ్వండి. ఈసారి గేటుకి కట్టే ఫ్లెక్సీల్లో రెండు తగ్గించి, ఆ డబ్బుతో కథాసంపుటాలు కొనండి. ఫ్లెక్సీలో మీ ఫొటో చిన్నదైనా ఎవరూ ఏమీ అనుకోరు.

వచ్చే ఏటికి నోటుబుక్కు కొన్నాను. అందులో మొదటి పేరు వేయిపడగలు. పి.వి. నరసింహారావుగారు అన్ని పనుల మధ్యా దాన్ని హిందీలోకి సహస్రఫణ్ పేరుతో అనువదించగలిగినప్పుడు, ఊరికే చదవడానికి నాకు ఓపిక లేకపోదు. పుస్తకం బీరువాలో పైఅరలో, ఎడమవైపు ఉంది. అద్దంలోంచి చూశాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో సోమవారం కనుక్కోవాలి.