కంప్యూటరు ఆన్ కాకపోతే గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి



ఈ నెల ఒక సోదరి పంపిన ఉత్తరాన్ని పరిశీలనకు తీసుకుంటున్నాము. ఆమె ఇంటివద్ద పిల్లలకు ట్యూషన్ చెబుతూ, తీరిక వేళల్లో కుట్టుపని చేస్తారు. ఫీజుల పద్దులు, బట్టలు కుట్టించుకునేవారి కొలతలు, పిల్లల చిన్ననాటి ఫొటోలు అన్నీ ఏడేళ్ళనాటి డెస్క్‌టాప్ కంప్యూటరులోనే ఉన్నాయి. వారం రోజులుగా బటను ఎంత నొక్కినా దీపం వెలగడం లేదు, ఫ్యాను తిరగడం లేదు. ఒక దుకాణంలో విచారిస్తే, పెట్టెను చూడకుండానే ‘మదర్‌బోర్డు పోయి ఉంటుంది, పాతది మాకిచ్చి కొత్తది తీసుకోండి’ అన్నారట. ఇచ్చివేయమంటారా అని ఆమె అడుగుతున్నారు.

సోదరీ! తొందరపడి ఇవ్వకండి. కంప్యూటరు ఆన్ కాకపోవడానికి మదర్‌బోర్డు ఒక కారణం మాత్రమే. అంతకంటే చౌకైన, తేలికైన కారణాలు అనేకం ఉన్నాయి. పైగా మీ పద్దులు, ఫొటోలు ఉండేది హార్డ్ డిస్క్‌లో. అది మదర్‌బోర్డుకు, కరెంటు ఇచ్చే భాగానికి వేరుగా ఉండే వస్తువు. ఆ భాగాలు చెడిపోయినంత మాత్రాన అందులోని సమాచారం చెరిగిపోదు. కాని పెట్టెను అలాగే ఇచ్చివేస్తే మీ చేతులతో మీరే దానిని పోగొట్టుకున్నవారవుతారు.

లోపాన్ని వెదకడానికి ఒక క్రమం ఉంది. కరెంటు గోడలోని సాకెట్ నుంచి బయలుదేరి, తీగ గుండా పెట్టెలోకి చేరి, అక్కడి నుంచి ఒక్కొక్క భాగానికి వెళుతుంది. మనం కూడా అదే దారిన నడవాలి. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలి. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే, కంప్యూటరు ఆన్ అయినా లోపం ఎక్కడుందో తెలియదు.

<b>పెట్టె బయట చూడవలసినవి</b>

మొదట ఆ సాకెట్‌లో టేబుల్ ఫ్యాను పెట్టి చూడండి. ఫోను ఛార్జరుతో పరీక్షిస్తే చాలదు. ఛార్జర్లు చాలావరకు 100 వోల్టుల నుంచి 240 వోల్టుల వరకు దేనితోనైనా పనిచేస్తాయి కనుక, వోల్టేజి బాగా తగ్గినా ఆ సంగతి బయటపడదు. ఫ్యాను నీరసంగా తిరిగితే లోపం కంప్యూటరుది కాదు, ఇంటి కరెంటుది.

తరువాత యూపీఎస్. మన ఇళ్ళలో చాలామంది మరచిపోయేది దీనినే. అందులోని బ్యాటరీ సాధారణంగా రెండు మూడేళ్ళకు బలహీనపడుతుంది. బ్యాటరీ చనిపోతే కొన్ని యూపీఎస్‌లు కరెంటు ఉన్నప్పటికీ ఆన్ కావు. కనుక యూపీఎస్‌ను, ఎక్స్‌టెన్షన్ బాక్సును తప్పించి, కంప్యూటరు తీగను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి. అప్పుడు ఆన్ అయితే లోపం కంప్యూటరుది కాదు, యూపీఎస్‌లోనో, దాని బ్యాటరీలోనో, ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో ఉన్నట్లే.

మూడవది తీగ. చాలా మానిటర్లకు, సీపీయూ అని మనం పిలిచే పెట్టెకు ఒకే రకమైన తీగ ఉంటుంది. మీ మానిటర్ వెలుగుతూ ఉంటే దాని తీగను తీసి పెట్టెకు పెట్టి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

నాలుగవది, పెట్టె వెనుక తీగ దూర్చే చోట ఉండే చిన్న స్విచ్. దానిపై నిలువు గీత, సున్నా గుర్తులుంటాయి. గీత వైపు నొక్కితేనే కరెంటు లోపలికి వెళుతుంది. ఇల్లు దులిపేటప్పుడో, పిల్లల చేయి తగిలో అది సున్నా వైపు పడిపోవచ్చు. పాత పెట్టెల్లో 115, 230 అని వ్రాసిన ఎర్ర స్విచ్ కూడా కనిపిస్తుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 దగ్గరే ఉండాలి. 115కు జరిపి కరెంటు ఇస్తే లోపలి భాగం కాలిపోతుంది.

ఐదవది, పెన్‌డ్రైవ్, ప్రింటరు, స్పీకర్లు అన్నిటినీ పీకివేయండి. వీటిలో ఒకదానిలో షార్ట్ ఉన్నా కంప్యూటరు మొరాయించవచ్చు. ఆపై గోడ నుంచి ప్లగ్ తీసివేసి, ముందరి బటనును 20 సెకన్లపాటు నొక్కి పట్టుకోండి. కొన్ని నిమిషాలు ఆగి మళ్ళీ ప్లగ్ పెట్టి ప్రయత్నించండి. వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయిన యంత్రం కొన్నిసార్లు ఇంతమాత్రానికే తిరిగి పనిచేస్తుంది.

<b>లక్షణాన్ని బట్టి లోపం</b>

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే, యంత్రం ఎలా ప్రవర్తిస్తున్నదో గమనించండి.

మీ కంప్యూటరులా దీపం, ఫ్యాను రెండూ లేకపోతే, ముందుగా అనుమానించవలసింది ఎస్‌ఎంపీఎస్‌ను. గోడ నుంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు అందించే డబ్బా అది. ముందరి బటను చెడిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. మదర్‌బోర్డు వంతు ఈ రెండింటి తరువాతనే వస్తుంది.

ఆన్ అయి కొద్ది క్షణాల్లోనే ఆగిపోతున్నదంటే, ప్రాసెసరు మీది ఫ్యాను దుమ్ముతో బిగుసుకుపోయి వేడి పెరుగుతూ ఉండవచ్చు, లేదా ఎస్‌ఎంపీఎస్ బలహీనపడి ఉండవచ్చు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉన్నా ఇలాగే జరుగుతుంది.

ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, కరెంటు లోపలికి చేరుతున్నట్లే. అప్పుడు మానిటర్ తీగ సరిగా బిగిసి ఉందో లేదో చూసి, తరువాత ర్యామ్‌ను పరీక్షించాలి. ప్లగ్ పీకి, పెట్టె ప్రక్క రేకు తీసి, చట్రం లోహాన్ని ఒకసారి ముట్టుకుని, ర్యామ్‌ను బయటకు తీయండి. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడవండి. రబ్బరు పొట్టు బోర్డు మీద పడకూడదు. తిరిగి పెట్టేటప్పుడు ‘టక్’ మని కొక్కెం పడేదాకా నొక్కండి. దుమ్మును పొడి మెత్తని కుంచెతో తీయాలేగాని తడిగుడ్డ వాడకూడదు.

<b>మీరు ముట్టుకోకూడనిది</b>

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మరలు మాత్రం ఎవరూ విప్పకూడదు. అందులోని కెపాసిటర్ 300 వోల్టులకు పైబడిన విద్యుత్తును నిలువచేసుకుంటుంది. ప్లగ్ పీకిన తరువాత కూడా అది కొంతసేపు అక్కడే ఉండగలదు. చిన్నపిల్లలున్న ఇంట పెట్టె మూత తెరిచి వదిలివేయడం కూడా తగదు. కాలిన వాసన వచ్చినా, టప్పుమన్న శబ్దం వినిపించినా ఇక ఏ ప్రయోగమూ చేయకుండా మెయిన్ ఆపి, ప్లగ్ పీకివేయండి.

<b>మెకానిక్‌ను ఏమి అడగాలి?</b>

‘పని చేయడం లేదు, చూడండి’ అని మాత్రమే చెప్పకండి. ‘సాకెట్, తీగ పరీక్షించాను, యూపీఎస్ తప్పించి చూశాను, అయినా దీపం, ఫ్యాను లేవు. పనిచేస్తున్న మరో ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూపించండి’ అని అడగండి. మంచి మెకానిక్‌కు ఇది కొద్ది నిమిషాల పని. అలా ఆన్ అయితే ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి మార్చితే సరిపోతుంది. కాకపోతే బటను తీగలను బోర్డు నుంచి తీసి, ఆ రెండు పిన్నులను క్షణంపాటు కలిపి చూడమనండి. అప్పుడు ఆన్ అయితే లోపం బటనుదే. ఈ రెండు పరీక్షల తరువాత కూడా చలనం లేకపోతే మదర్‌బోర్డు మీద, దాని మీది భాగాల మీద అనుమానం బలపడుతుంది. బోర్డు మీది కెపాసిటర్లు పైకి ఉబ్బి ఉన్నాయేమో మీరే కళ్ళారా చూడవచ్చు.

సోదరీ! నిజంగా బోర్డే పోయినదని తేలితే, ఏడేళ్ళ యంత్రానికి ఎక్కువ సొమ్ము పోయడం కంటే కొత్తది కొనుక్కోవడమే మేలు కావచ్చు. కాని పాత పెట్టెను ఇచ్చే ముందు హార్డ్ డిస్క్‌ను మీ ఎదుటే విప్పించి ఇంటికి తెచ్చుకోండి. దానిని మరో కంప్యూటరుకు తగిలించి మీ ఫైళ్ళు తీసుకోవచ్చు. ‘ఫార్మాట్ చేస్తేగాని ఆన్ కాదు’ అని ఎవరైనా అంటే అంగీకరించకండి. దీపమే వెలగని యంత్రానికి ఫార్మాట్ మందు కాదు, అది మీ సమాచారాన్ని మాత్రమే తుడిచివేస్తుంది.

ఆ డిస్క్‌లో మీ ఒక్కరి వస్తువులే లేవు. ఫీజు కట్టినవారి లెక్క ఉంది, మిమ్మల్ని నమ్మి కొలతలిచ్చిన స్త్రీల వివరాలున్నాయి. అవి మీ వద్ద ఉన్న అమానతు. ఫైళ్ళు చేతికి వచ్చిన రోజునే వాటి ప్రతిని వేరొక డిస్క్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టుకోండి. నెలకొకసారి దానిని నవీకరించుకుంటే, మరోసారి కంప్యూటరు మొరాయించినా మీ పని ఆగదు.