ఇల్లాలును పోషకురాలే

పోయిన మాసమున మా వీధిలో నొక యిల్లాలు జ్వరముతో కన్నుమూసినది. ఆమెకు 35 యేండ్లయినను నిండలేదు. భర్త తాపీపనివాడు, పిల్ల లిద్దఱు. మేము పరామర్శకు వెళ్లి, సర్కారువారి సహాయమునకు అర్జీ పెట్టితిరా యని యడిగితిమి. "సంపాదించేవాళ్లు పోతే కదమ్మా ఇచ్చేది! అది ఇంటిపట్టున ఉండేదే కదా" యని అత డనెను. అచ్చట గూర్చున్న చదువుకొన్న స్త్రీలు సైతము నిజమే యన్నట్లు తల యూపిరి. ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. ఆమె చేతులు నిలిచిన నాడే ఆ యింట పొయ్యి యాఱిపోయినది. అది సంపాదన కాదట!

సోదరీమణులారా, ఈ విషయమున సర్కారువారి నిబంధన మనకంటె న్యాయముగా నున్నది. కేంద్ర ప్రభుత్వమువారు 1995 ఆగస్టు 15వ తేదీన ఆరంభించిన జాతీయ కుటుంబ ప్రయోజన పథక మొకటి కలదు. దారిద్ర్యరేఖకు దిగువ నున్న కుటుంబమున ముఖ్య పోషకులు 18 యేండ్లు దాటి 60 యేండ్లు నిండకమున్ను మరణించినచో, కారణ మేదైనను, ఆ కుటుంబమున కొక్కసారిగా ధన మిత్తురు. 2012లో ఈ మొత్తమును 10,000 నుండి 20,000 రూపాయలకు పెంచిరి. ఇల్లు చూచుకొను స్త్రీని గూడ పోషకురాలిగనే యెంచవలయునని మార్గదర్శకములలో స్పష్టముగా నున్నది. ఈ సొమ్ము పోయిన మనిషికి వెల గాదు. కాని కర్మకాండకు చేసిన యప్పు తీరును.

అర్జీకి ముందు కావలసినది మరణ ధ్రువపత్రము. పెక్కు కుటుంబములు చిక్కుపడున దిచ్చటనే. మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలయును. 30 దినములలోపల నైనచో ఆలస్య రుసుముతో సరిపోవును. ఆ పిమ్మట ఏడాది వఱకు జిల్లా రిజిస్ట్రారుగారి వ్రాతపూర్వకమైన యనుమతి, ఏడాది దాటినచో మేజిస్ట్రేటుగారి యుత్తరువు కావలసి యుండును. పండ్రెండవ దినము వఱకు ఏడ్చెడి యింట నెవ్వరికిని ఈ ధ్యాస యుండదు. చదువు వచ్చిన యాడుబడుచో, పొరుగింటి యిల్లాలో ఈ పనిని నెత్తిన వేసికొనవలయును. ఆధారు కార్డున నొక పేరు, రేషను కార్డున నింకొక పేరు ఉన్నచో ముందుగనే సరిచూచుకొనుడు. అర్జీ సంగతిని తహశీల్దారు కార్యాలయమున విచారింపవచ్చును. ఇచ్చిన పిమ్మట రసీదు లేక వెనుదిరుగవలదు.

పోయినవారి బ్యాంకు పాసుపుస్తకమును గూడ మఱవరాదు. అందులో 436 రూపాయలు తీసికొన్నట్లున్నచో అది జీవనజ్యోతి బీమా కావచ్చును. సహజ మరణమునకైనను 2 లక్షలు వచ్చును. 20 రూపాయలు మాత్రమే యున్నచో అది సురక్షా బీమా. ప్రమాదమున కే చెల్లును. 2022 జూన్ నుండి రుసుము లీ తీరున నున్నవి. సంతకము చేసిన సంగతి ఇంటివారి కెఱుకలేకయే ఏటేట సొమ్ము పోవుచుండుట కలదు.

మే మడిగి ఆమె పాసుపుస్తకము తెప్పించి చూచితిమి. అందు 20 రూపాయల పద్దు మాత్రమే కనబడినది. మనసు చివుక్కుమన్నది. ధ్రువపత్రము మాత్రము గడువులోపలనే చేతికి వచ్చినది. వచ్చు సోమవారము అతనితో పాటు మేమును తహశీల్దారు కార్యాలయమునకు పోవుచున్నాము.