గాలం వేయకముందు అడగవలసిన మాట



వానలు తగ్గి, చెరువులు నిండి, చలి మొదలయ్యేసరికి మన యవ్వనస్థుల నోట ఒకటే మాట వినబడుతుంది: "ఒక శనివారం చేపలకు పోదాం." హైదరాబాదులో, గల్ఫ్‌లో పనిచేసి సెలవుకు వచ్చిన పిల్లలు కూడా ఇదే అడుగుతారు. మేము వద్దనము. ఫోను జేబులో పెట్టి, నీళ్ల మీద బెండును చూస్తూ పూటంతా కూర్చోవడం మనసుకు మంచిదే. అయితే ఎక్కడికి పోవాలి, ఏ ఎర వాడాలి, ఎన్ని బండ్లు కావాలి అని మాట్లాడుకునేవారు ఒక్క ప్రశ్న మరచిపోతున్నారు. ఆ చెరువులో చేప ఎవరిది?

బోధన్ చుట్టూ నీళ్లకు కొదవలేదు. ఊరి పక్కన బెల్లాల్ చెరువు ఉంది. నిజామాబాద్ వైపు పోతే అలీసాగర్, జానకంపేట దగ్గర అశోక్ సాగర్ ఉన్నాయి. ఇవి కాక ఊరూరా కుంటలు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువలు ఈ నేలను వరికీ చెరుకుకూ పనికివచ్చేలా చేశాయి. ఇంత నీరు కళ్లెదుట ఉంటే "చెరువు అందరిది, చేప దేవుడిది, ఇందులో అడిగేదేముంది?" అనిపించడం సహజమే.

కాని బొచ్చె, రోహు, మృగాల చేపల సంగతి కొంచెం తెలుసుకోవాలి. ఇవి వరదనీటిలో, పారే నదిలో గుడ్లు పెట్టే జాతులు. నిలిచిన చెరువు నీటిలో ఇవి సాధారణంగా పిల్లలు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఇంజక్షన్ ఇచ్చి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించగలిగారు. ఇప్పుడు మన చెరువుల్లో పడే పిల్లలు ఆ పద్ధతిలో పుట్టినవే. అంటే మీ గాలానికి తగిలే బొచ్చె దానంతట అది వచ్చినది కాదు. ఎవరో తెచ్చి వదిలినది, ఎవరో నెలల తరబడి కాపలా కాసినది. ఎండాకాలం నీళ్లు తగ్గాక వల వేసి పట్టుకుని, దాని మీద వచ్చే డబ్బుతో అప్పు తీర్చుకుందామని ఎదురుచూస్తున్న ఇల్లు ఒకటి ఆ చేప వెనుక ఉంది.

"2016 నుండి ప్రభుత్వమే ఉచితంగా చేపపిల్లలు పోస్తోంది కదా, అవి అందరివే" అని కొందరంటారు. ప్రభుత్వం వాటిని ఇచ్చింది ముదిరాజ్, గంగపుత్ర సంఘాల జీవనం కోసం, మన సెలవుదినం కోసం కాదు. "ఒకటి రెండు చేపలకే వాళ్ల బ్రతుకు పోతుందా?" అనేవారూ ఉన్నారు. పోదు. కాని ప్రతి ఆదివారం పది బండ్లు వస్తే లెక్క మారుతుంది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పుడు జీవనాధారం పోవడమంటే ఏమిటో మన ప్రాంతం కళ్లారా చూసింది. అలాంటి చోట ఉన్నవారం ఇంకొకరి జీవనాధారం దగ్గర జాగ్రత్తగా నడవాలి.

గలిలయ సముద్రమని మనం పిలిచేది కూడా నిజానికి ఒక మంచినీటి సరస్సే. ప్రభువు అక్కడ పిలిచినవారు సరదాకు గాలం వేసేవారు కారు. పడవలో పాలివారు ఉన్నవారు, రాత్రంతా కష్టపడి ఖాళీ వలతో తిరిగివచ్చే బాధ తెలిసినవారు. వలలు కడిగి బాగుచేసుకునే చేతులను గౌరవించడం మనకు కొత్తగా నేర్పవలసిన పాఠం కాదు.

కాబట్టి మేము చెప్పేది ఇది. గాలాలు కొనకముందే మీలో ఇద్దరు పోయి ఆ చెరువు మత్స్య సహకార సంఘం పెద్దను కలవండి. "అన్నా, శనివారం మా పిల్లలు పది మంది వస్తరు, ఎక్కడ కూచోమంటవు?" అని అడగండి. వాళ్లు అడిగిన రుసుము ఇవ్వండి. వద్దంటే ఆ వారం వాళ్ల దగ్గరే చేపలు కొని, కట్ట మీద వండుకుని తినండి.

సంఘాల పెద్దలకూ ఒక మనవి. సాయంత్రం కూరకు నాలుగు పరకలు పట్టుకునే ముసలమ్మను, కర్రకు దారం కట్టుకున్న చిన్న పిల్లవాడిని తరమకండి. అది ఊరు ఎప్పుడూ ఒప్పుకున్నదే. పట్నం నుండి బండ్లేసుకుని వచ్చేవారికి మాత్రం రోజుకింత అని పెట్టి, రసీదు ఇచ్చి, చోటు చూపండి. కాపలావాడి జీతమైనా అందులో వెళ్లవచ్చు.

మరి కొన్ని మాటలు. వానాకాలం మొదటి నెలలు చేపలు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు పోకండి. మన రాష్ట్ర చేప కొర్రమీను చెరువులోనే పిల్లలు పెడుతుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపైన కనబడితే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. దాన్ని పడితే గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. అక్కడ గాలం వేయకండి. చిన్న చేప తగిలితే తడిచేత్తో విప్పి వదలండి. తెగిన నైలాన్ దారం, సీసాలు వెనుక వదలకండి. కొంగల కాళ్లకు, గేదెల గిట్టలకు అవే తగులుతాయి. ఈత వచ్చినా నీళ్లలో దిగకండి. మొరం తవ్విన గుంతలు నీటి కింద కనబడవు. మన ఊళ్లలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులను చూస్తూనే ఉన్నాం.

ఈ సంవత్సరం మన యవ్వనస్థులు పోయే చెరువు ఏదైనా సరే, ముందు ఆ సంఘం పెద్ద ఇంటికి పోవాలని మా కోరిక. కావాలంటే తోడుగా మేమూ వస్తాము.